పిన్నుకు క్లిప్పు ఉందా?

మే నెలాఖరులో, తొలకరికి ముందు, హైదరాబాద్‌లో మా దోమలగూడ సందుల్లో రంపాల మోత మొదలవుతుంది. తీగలకు తగులుతున్న కొమ్మలు కొట్టడానికి కరెంటువాళ్లు వస్తారు. పార్కు గోడ పక్కన ఎండినవి దించడానికి మున్సిపాలిటీవాళ్లు వస్తారు. వాళ్ల కోసం ఎదురుచూసే ఓపిక లేని అపార్ట్‌మెంట్లవాళ్లు సొంతంగా మనుషుల్ని పిలిపించుకుంటారు. పోయినేడు మా సందు మొదట్లో అలాంటి ఒక ట్రాక్టరు ఆగి ఉంది. ట్రాలీ నిండా తురాయి కొమ్మలు. కింద పడ్డ ఎర్ర పూలను ఇద్దరు ఆడవాళ్లు ఊడుస్తున్నారు. ట్రాక్టరుకీ ట్రాలీకీ మధ్య హుక్కు దగ్గర నేను ఎందుకో వంగి చూశాను.

ట్రాలీని ట్రాక్టరుకు తగిలించేది బొటనవేలికన్నా లావైన ఒక ఇనుప పిన్ను. అది పైకి ఎగిరి రాకుండా, కింది కొసన ఉన్న బెజ్జంలో ఒక క్లిప్పు దూర్చాలి. ఆ క్లిప్పు ఉండాల్సిన చోట రెండు చుట్లు బైండింగ్ వైరు కట్టి ఉంది. వైరు ఒక కొస అప్పటికే విప్పుకుని బయటికి వేలాడుతోంది.

"క్లిప్పు ఏమైంది బాబూ?" అన్నాను.

"ఎక్కడనో పడ్డది సార్. వైరు కట్టినం, ఏం గాదు. రోజూ గిట్లనే తిరుగుతది," అన్నాడు డ్రైవరు. మంచి కుర్రాడే. మర్యాదగానే చెప్పాడు. ట్రాలీ వెనక లైటు లేదు. బయటికి పొడుచుకొచ్చిన కొమ్మకు ఎర్ర సంచి ఒకటి కట్టారు. కొమ్మలమీద ముగ్గురు మనుషులు ఎక్కి కూర్చున్నారు. బండి ఇందిరా పార్కు చౌరస్తా వైపు కదిలింది. అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్ల పిల్లలు పుస్తకాలు గుండెకు హత్తుకుని రోడ్డు దాటే వేళ అది.

ఆ వైరుముక్క నన్ను వదల్లేదు. చెట్లూ పొదలూ తుప్పలూ తొలగించే యంత్రాలను లాక్కుపోవడంలో, నడపడంలో ఎక్కడెక్కడ ప్రాణం పోతుందో, ఎక్కడ కాపాడుకోవచ్చో నాకు తెలిసినంతలో ఒకచోట పెట్టి చూడాలనిపించింది.

ముందు మా పేట సంగతి. ఇందిరా పార్కు విస్తీర్ణం 76 ఎకరాలు. 1975లో అప్పటి రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ శంకుస్థాపన చేశారు, 1978లో జనానికి తెరిచారు. పార్కు మొదలైనప్పుడు నాటిన మొక్కలు ఇప్పుడు అర్ధశతాబ్దపు చెట్లు. అటు రామకృష్ణ మఠం తోట, ఇటు వ్యాయామ విద్యా కళాశాల మైదానం, ఇళ్ల ముందు కానుగలూ వేపలూ. హుస్సేన్‌సాగర్ మిగులు నీళ్లు మోసే నాలా కూడా ఈ చుట్టుపక్కలనుంచే మూసీకి పోతుంది. 2000 ఆగస్టు 24న నగరంలో ఒక్కరోజులో 24 సెంటీమీటర్ల వాన కురిసినప్పుడు నాలా పక్క బస్తీలు ఏమయ్యాయో చూసినవాళ్లు ఇంకా ఇక్కడే ఉన్నారు. అందుకే వానలకు ముందు నాలాలో పూడికా, గట్టుమీద తుప్పలూ తీయాల్సిందే. కట్టె పెళుసైన తురాయి, పచ్చతురాయి, కొమ్మలు దూరంగా చాచే నిద్రగన్నేరు గాలివానకు మొదట విరిగేవి. వాటినీ ముందే తగ్గించాల్సిందే. పని అవసరం గురించి నాకు ఏ సందేహమూ లేదు. గొడ్డలి, కొడవలి, తోపుడుబండితో జరిగిన పని ఇప్పుడు చైన్ రంపం, గడ్డి మిషన్, కొమ్మలు నమిలే చిప్పరు, ట్రాక్టరు, జేసీబీతో జరుగుతోంది. యంత్రం వచ్చినంత వేగంగా దాన్ని వాడే పద్ధతి రాలేదు.

రంపం పళ్లను చూస్తే అందరికీ భయమే. అందుకే దాని దగ్గర మనిషి కాస్త ఒళ్లు దగ్గర పెట్టుకుంటాడు. హుక్కు తగిలించేటప్పుడు, ఇరుక్కున్న కొమ్మను లాగేటప్పుడు, పని అయిపోయి ఇంటికి పోయేటప్పుడు ఎవరికీ భయం ఉండదు. నేను చదివినవీ చూసినవీ కలిపి చూస్తే, పెద్ద ప్రమాదాలు చాలావరకు పొంచి ఉన్నది అక్కడే.

లాగడంతో మొదలుపెడతాను. మన మోటారు వాహనాల చట్టం దృష్టిలో, మోటారు వాహనం లాగడానికి చేసిన బండి ఏదైనా ట్రెయిలరే. సైడు కారు, సెమీ ట్రెయిలరు మాత్రమే ఇందులోకి రావు. అంటే పొలం ట్రాలీయే కాదు, చక్రాలున్న చిప్పరును రోడ్డుమీద లాగినా అది ట్రెయిలరే, దానికి రిజిస్ట్రేషన్ ఉండాలి. చెడిపోయిన బండిని తాడుతో లాగితే రెండిటి మధ్య దూరం 5 మీటర్లు మించకూడదని, తాడు అందరికీ కనిపించాలని, వేగం గంటకు 24 కిలోమీటర్లు దాటకూడదని 1989 నాటి రహదారి నియమాలే చెప్పాయి. అసలు రోడ్డుమీద కనిపించేది వేరు. కాంక్రీటు కలిపే మిల్లరును ఆటో వెనక తాడుతో కట్టి నారాయణగూడ ఫ్లైఓవరు కింద లాక్కుపోతుంటారు. దానికి నంబరు లేదు, లైటు లేదు, బ్రేకు లేదు. చిప్పర్లు కూడా రేపు అదే దారిన పోతాయి.

బ్రేకు సంగతి వివరంగా చెప్పాలి. ట్రాక్టరుకు కుడి వెనక చక్రానికి ఒక బ్రేకు పెడలు, ఎడమ చక్రానికి మరో పెడలు ఉంటాయి. దుక్కి దున్నేటప్పుడు చాలు చివర గిర్రున తిరగడానికి ఒకటే తొక్కుతారు. అది పొలంలో సౌకర్యం. రోడ్డెక్కేముందు ఆ రెండు పెడళ్లనూ కలిపి ఉంచే గొళ్లెం వేయాలి. గొళ్లెం వేయకుండా వేగంమీద ఒక్క పెడలే తొక్కితే ట్రాక్టరు ఒక పక్కకు విసురుగా తిరుగుతుంది, వెనకనుంచి ట్రాలీ తోస్తుంది, రెండూ కత్తెరలా మడుచుకుంటాయి. నిండుగా లోడెత్తిన ట్రాలీ ట్రాక్టరుకన్నా బరువు తూగవచ్చు, చాలా ట్రాలీలకు సొంత బ్రేకు ఉండదు. ఆ బరువంతా ఆపాల్సింది ముందున్న ట్రాక్టరే. డీజిలు మిగులుతుందని పల్లంలో గేరు తీసి న్యూట్రల్‌లో వదిలే అలవాటు అందుకే ప్రాణాంతకం. ఏ గేరులో ఎక్కాల్సి వస్తుందో ఆ గేరులోనే దిగాలని పాతకాలపు డ్రైవర్లు చెప్పేవారు. అదే సరైన మాట.

ట్రాలీలో మనుషులు. 2018 ఏప్రిల్‌లో నల్గొండ జిల్లా పీఏ పల్లి మండలంలో కూలీల ట్రాక్టరు కాలువలో పడి తొమ్మిది మంది ఆడవాళ్లు చనిపోయారు. మూడు నెలలు తిరక్కుండానే, జూన్‌లో, యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ దగ్గర పత్తి చేలకు పోతున్న కూలీల ట్రాక్టరు మూసీ కాలువలో పడింది. పదిహేను ప్రాణాలు పోయాయి, అవీ దాదాపు అన్నీ ఆడవాళ్లవే. అవి పొలం పనికి పోయిన బళ్లు, నిజమే. మా సందులో కొమ్మలమీద ఎక్కి కూర్చున్న ముగ్గురిని మోసిందీ అలాంటి బండే. ట్రాలీ సరుకు కోసం చేసింది. అందులో పట్టుకోవడానికి ఏమీ ఉండదు, బోల్తా పడితే కిందనుంచి బయటపడే దారి ఉండదు. పచ్చికొమ్మలు మెత్తగా ఉంటాయని కూర్చుంటారు. ఆ కొమ్మలే జారి మనిషిని చక్రం కిందికి దింపుతాయి.

హుక్కు తగిలించే ఘట్టం నేను దగ్గరగా చూశాను. నలుగురు ట్రాలీ ముక్కును చేతులతో ఎత్తిపట్టారు. ట్రాక్టరు వెనక్కి వస్తోంది. పదహారో పదిహేడో ఏళ్ల కుర్రవాడు రెండిటి మధ్య నిలబడి, పిన్ను చేతబట్టుకుని, బెజ్జాలు కలిసే క్షణం కోసం చూస్తున్నాడు. "రా... రా... ఇంకొంచెం..." అంటున్నాడు. డ్రైవరుకు అతను కనిపించడు, గొంతు ఇంజను మోతలో సగమే వినిపిస్తుంది. క్లచ్చుమీద కాలు ఒక్క అంగుళం జారితే చాలు. ఈ పనికి సరైన తీరు ఉంది, కష్టమైనది కూడా కాదు. ట్రాలీ చక్రాలకు ముందూ వెనకా దిమ్మెలు పెట్టాలి. ముక్కును జాకీమీద నిలపాలి. సైగ చేసేవాడు పక్కకు, డ్రైవరుకు కనిపించేచోట ఉండాలి. ట్రాక్టరు పూర్తిగా ఆగి, హ్యాండ్‌బ్రేకు పడి, ఇంజను ఆగిన తర్వాతే మనిషి మధ్యలోకి వెళ్లి పిన్ను వేయాలి. ఆపైన క్లిప్పు. దానికితోడు హుక్కు ఊడినా బండి విడిపోకుండా ఒక గొలుసు. జాకీ, దిమ్మెలు, గొలుసు, క్లిప్పు అన్నీ కలిపినా ఒక టైరు ఖరీదు కాదు.

చిప్పరు, గడ్డి కొట్టే రోటరీ లాంటివాటిని ట్రాక్టరు వెనక షాఫ్టుతో తిప్పుతారు. పీటీఓ అంటారు. అది మామూలుగా నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంది, అంటే సెకనుకు తొమ్మిది. షాఫ్టు ఎనిమిది సెంటీమీటర్ల మందం ఉందనుకుంటే ఒక చుట్టుకు పాతిక సెంటీమీటర్ల గుడ్డను చుట్టేస్తుంది. సెకనులో రెండు మీటర్లు దాటుతుంది. భుజంమీది తువ్వాలు మొత్తం పోవడానికి ఒక్క సెకను. చీర కొంగు చిక్కితే మనిషి "అమ్మా" అనేలోపే ఒంటిమీదికి వచ్చేస్తుంది. లాగి విడిపించుకుందామనే ఆలోచన వచ్చేసరికే ఆలస్యమవుతుంది. అందుకే ఆ షాఫ్టుమీద తిరగని ప్లాస్టిక్ తొడుగు ఒకటి ఇస్తారు. అది పగిలిపోతే తీసి పక్కన పారేస్తారు. తొడుగు లేని షాఫ్టు దగ్గరికి ఊడ్చే ఆడమనిషిని పంపడం నా దృష్టిలో నేరం. అంతకన్నా తక్కువ మాట వాడలేను.

కొమ్మలు నమిలే చిప్పరు నగరాలకు మేలు చేసే యంత్రమే. ట్రాలీలకు ట్రాలీలు మోయాల్సిన కొమ్మలను కొద్దిపాటి పొట్టుగా మారుస్తుంది, ఆ పొట్టు మళ్లీ చెట్ల మొదళ్లలోనే పరుచుకుంటుంది. లోపలికి లాక్కునే రోలర్లున్న చిప్పరు కొమ్మను సెకనుకు దాదాపు అర మీటరు వేగంతో మింగుతుంది. కొమ్మ చివర పట్టుకున్న చేతికి, రోలరుకు మధ్య ఒక మీటరు ఉంటే, మనిషికి ఉన్న గడువు రెండు సెకన్లు. చేతి గ్లౌజు కొమ్మ పంగలో చిక్కినా, మెడలో కండువా తగులుకున్నా అంతే. కొమ్మను మొదలువైపునుంచి పెట్టాలి, పెట్టి వెంటనే పక్కకు తప్పుకోవాలి, చిన్నచితకా రెమ్మలను చేత్తో తోయకుండా పొడవాటి కర్రతో తోయాలి, వదులు గ్లౌజులు వేసుకోకూడదు. ఎదురుగా ఉన్న ఆపు కడ్డీ పనిచేస్తోందో లేదో ప్రతి పొద్దునా చూడాలి. యంత్రం ఇరుక్కుపోతే ఇంజను ఆపి, తాళం తీసి జేబులో వేసుకుని, లోపలి డ్రమ్ము తిరగడం పూర్తిగా ఆగేదాకా ఆగాలి. ఇంజను ఆపాక కూడా ఆ డ్రమ్ము చాలాసేపు తిరుగుతూనే ఉంటుంది, చప్పుడు తగ్గిపోతుంది. ఆగిందనుకుని మనిషి చెయ్యి పెట్టేది అప్పుడే.

ఈ కథ మన దేశం ఇంతకుముందే చూసింది. గోధుమలు, ధాన్యం నూర్చే పవర్ త్రెషర్లు ఊళ్లలోకి వచ్చిన కాలంలో చేతులు పోగొట్టుకున్నవాళ్లు లెక్కలేనంతమంది. ఆ గోడు పార్లమెంటుదాకా చేరి 1983లో ప్రమాదకర యంత్రాల నియంత్రణ చట్టం వచ్చింది. త్రెషరు నోరు ఎలా ఉండాలో భారతీయ ప్రమాణం కొలతలు చెప్పింది. పంట పెట్టే దోనె 90 సెంటీమీటర్ల పొడవు ఉండాలి, అందులో డ్రమ్ము వైపు 45 సెంటీమీటర్లు పైన మూసి ఉండాలి. మనిషి చెయ్యి ఎంత చాచినా పళ్లకు అందకూడదన్నదే లెక్క. చేతి పొడవు కొలిచి యంత్రం నోటిని కట్టారు. నాకు ఈ చట్టంలో నచ్చేది అదే. కూలి జాగ్రత్తగా ఉండాలని చెప్పి చేతులు దులుపుకోలేదు, తయారుచేసేవాడిమీద బాధ్యత పెట్టింది. కొమ్మల చిప్పర్లకు, చక్రాలమీద తిరిగే ఇలాంటి యంత్రాలన్నిటికీ ఇదే దారి కావాలి. నోరు పొట్టిగా ఉన్న చవక యంత్రాన్ని అమ్మడమే కుదరకూడదు.

గడ్డి మిషన్ గురించి క్లుప్తంగా చెబుతాను. భుజానికి తగిలించుకుని తిప్పే బ్రష్ కట్టరు పార్కులో, కాలేజీ మైదానంలో, నాలా గట్టుమీద రోజూ కనిపిస్తుంది. దాని ప్రమాదం కోసేచోట కన్నా, అది విసిరే రాయిలో ఉంది. తయారీదారుల పుస్తకాలు చుట్టూ 15 మీటర్లలో ఇంకెవరూ ఉండకూడదంటాయి. ఇందిరా పార్కులో పొద్దున నడిచేవాళ్ల దారి పక్కన 15 మీటర్లు దొరకదు కాబట్టి, నడకవాళ్లు లేని వేళ చేయాలి లేదా ఆ దారిని కాసేపు తాడు కట్టి మూయాలి. కోసేవాడికి కళ్లద్దాలు, మోకాళ్లదాకా గట్టి తొడుగు, చెవులకు మూతలు కావాలి. శబ్దం 100 డెసిబెల్స్ ఉంటే చెవి భరించగల గడువు రోజుకు పావుగంట అని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ లెక్క. మనవాళ్లు ఆరేడు గంటలు చేస్తారు. నలభై ఏళ్లకే టీవీ సౌండు పెంచుకునే తోటమాలిని ఇంట్లోవాళ్లు విసుక్కుంటారు, కారణం ఎవరికీ తట్టదు.

చైన్ రంపం వెనక్కి తన్నడం గురించి మాత్రం చెప్పకుండా ఉండలేను. బ్లేడు కొస పైభాగం దేనికైనా తగిలితే రంపం ఒక్కసారిగా మనిషి ముఖంవైపు లేస్తుంది. రెప్పపాటులో జరుగుతుంది, బలంతో ఆపలేం. అందుకే ముందు పిడికి చైనును ఆపే బ్రేకు ఉంటుంది, అందుకే భుజం ఎత్తు దాటి రంపం ఎత్తకూడదు, అందుకే నిచ్చెనమీద నిలబడి ఒంటిచేత్తో కోయకూడదు. దోమలగూడలో నిచ్చెనమీద ఒంటిచేత్తో కోయడమే మామూలు పద్ధతి. పైగా తీగలు. కరెంటువాళ్ల భాషలో "ఎల్‌సీ తీసుకోవడం" అంటారు. లైను ఆపించి, ఆపిందని కాగితంమీద తీసుకుని, లైనును ఎర్తు చేసి, అప్పుడు చెట్టెక్కాలి. అపార్ట్‌మెంటు పిలిపించిన కూలీకి ఆ మాటే తెలియదు. 11 కేవీ తీగను కొమ్మ తాకితే పచ్చికొమ్మలోంచే కరెంటు దిగుతుంది. తీగ దగ్గరున్న కొమ్మను ప్రైవేటు మనిషి చేత కొట్టించవద్దు. విద్యుత్ సంస్థకు చెప్పండి, వారం ఆగాల్సి వస్తే ఆగండి. చెట్టునే కొట్టించాలనుకుంటే 2002 వాల్టా చట్టం ప్రకారం అనుమతి ఎలాగూ తప్పదు.

ఇక మనుషుల సంగతి. యంత్రం ఒకరిది, దాన్ని గంటల లెక్కన అద్దెకు తీసుకున్నవాడు వేరు, డ్రైవరు ఇంకొకరి మనిషి, కూలీలను అడ్డామీదనుంచి ఆ రోజుకే తెచ్చారు. ట్రిప్పుకింత అని బేరం. క్లిప్పు పోతే కొనాల్సింది ఎవరు? యజమాని డ్రైవరు పోగొట్టాడంటాడు, డ్రైవరు యజమాని ఇవ్వలేదంటాడు, కాంట్రాక్టరుకు అది తన బండే కాదు. ఆ సందులో అడిగితే నాకు తేలింది ఇదే. లైసెన్సుల చిక్కు కొంత తీరింది. తేలికపాటి మోటారు వాహనం లైసెన్సుతో 7,500 కిలోలలోపు రవాణా వాహనం నడపవచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబర్ 6న చెప్పింది. బీమా తగాదాలకు అది ఊరట. ట్రాలీతో వెనక్కి ఎలా నడపాలో ఆ తీర్పు నేర్పదు. స్టీరింగు ఎటు తిప్పితే ట్రాలీ అందుకు ఎదురుగా పోతుందన్నది ఎవరో ఒకరు పక్కన కూర్చుని నేర్పాల్సిందే.

నేర్పడానికన్నా ముందు యంత్రాన్నే మార్చడం మేలని లోకం అనుభవం చెబుతోంది. ట్రాక్టరు బోల్తా పడ్డా డ్రైవరు నలిగిపోకుండా కాపాడే ఉక్కు చట్రాన్ని స్వీడన్ 1959లో కొత్త ట్రాక్టర్లకు తప్పనిసరి చేసింది. తర్వాతి దశాబ్దాల్లో అక్కడ బోల్తా చావులు దాదాపు లేకుండా పోయాయి. డ్రైవర్లు ఒక్కసారిగా మారిపోయి కాదు, నెత్తిమీద ఇనుము ఉండి. మన దగ్గర నగరపాలక సంస్థ, విద్యుత్ సంస్థ, 2024లో వచ్చిన విపత్తు స్పందన సంస్థ హైడ్రా ఏటా ఈ యంత్రాలకు కోట్లు పెడతాయి. ఆ టెండర్లలో నాలుగు షరతులు రాస్తే చాలు, మొత్తం మార్కెట్టు మారుతుంది. షాఫ్టుకు తొడుగు, హుక్కుకు క్లిప్పూ గొలుసూ, ట్రాలీకి వెనక లైటూ బ్రేకూ, కూలీలకు విడిగా బండి. ఇవి లేని బండికి బిల్లు చెల్లించకూడదు. బిల్లు ఆగితే క్లిప్పు ఎక్కడ దొరుకుతుందో అందరికీ తెలుస్తుంది.

ఆ టెండర్లు ఎప్పుడు మారతాయో మన చేతిలో లేదు. మన గేటు ముందుకు వచ్చే బండి మన చేతిలో ఉంది. ఈసారి మీ ఇంటిముందు కొమ్మలు కొట్టేటప్పుడు ముందురోజు రాత్రే కార్లు తీసేయండి, పిల్లల్ని లోపల ఉంచండి, పనివాళ్లను తొందరపెట్టకండి. బేరం ట్రిప్పులమీద కాకుండా రోజుమీద మాట్లాడండి. తిరిగిపోయేటప్పుడు వాళ్లకు ఆటో డబ్బులు విడిగా ఇవ్వండి, కొమ్మలమీద ఎక్కనివ్వకండి. బండి కదిలేముందు ఒక్కసారి హుక్కు దగ్గర వంగి చూడండి. ఆ వైరుముక్క చూసిన మర్నాడు నేను చిక్కడపల్లిలో ఒక హార్డ్‌వేరు దుకాణంలో అడిగాను. ఆ క్లిప్పు ఒక టీ ఖరీదుకు వస్తుంది.